కాల్చని నలభై తూటాలు

మా ముత్తాత అప్పలనరసింహరాజు గారు నల్లగరువు జమీందారు. ముప్పై ఆరు గ్రామాలు ఆయనకు శిస్తు కట్టేవి, దేవిడీ ముందు రెండు ఏనుగులు ఉండేవి, కొండ దిగువన ఎలుగుబంటి తిరుగుతోందని ఏ గూడెం నుంచి కబురొచ్చినా తన పన్నెండు తుపాకుల్లో ఏది తీయాలో ఆయనే స్వయంగా చెప్పేవారు. మా తాత పెద అచ్యుతరాజు గారి కాలానికి గ్రామాలు ప్రభుత్వపరమయ్యాయి, ఏనుగులు సర్కస్ వాళ్ళతో వెళ్ళిపోయాయి, తుపాకులు ఒకటొకటిగా చేతులు మారాయి. మా నాన్నగారు సత్యనారాయణరాజు గారు కెనడాలో సస్కటూన్‌కి ఉత్తరాన నాలుగు గంటల దూరంలో, గోధుమ పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక చిన్న ఊళ్ళో, హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేశారు. నేను ఆయనకు ఒక్కగానొక్క కూతుర్ని. ఏ సంగతి మొదలుపెట్టినా ముందు ఈ వరస చెప్పడం మా ఇంటి పద్ధతి, అది నేను తప్పలేదు.

పోయిన నెలలో మా సస్కటూన్ ఇంటి బేస్‌మెంట్ నుంచి ఒక వాసన మెట్లెక్కి వంటింట్లోకి వచ్చింది. తేనెమైనం, పాత నూనె, ఇత్తడి, వాటి అడుగున ఎక్కడో సీసం కాలిన వాసన. కింద ఇద్దరు ఆడపిల్లలు ఉంటున్నారు; శ్రావ్యది కరీంనగర్, మౌనికది గుంటూరు, ఇద్దరూ యూనివర్సిటీలో చదువుతూ సాయంత్రాలు ఒకరు కాఫీ షాపులో, ఒకరు సూపర్ మార్కెట్లో పనిచేస్తారు. ఈ రెండేళ్ళలో మన పిల్లలు ఎంతమంది వచ్చారంటే ఊళ్ళో గది ఖాళీ అన్న మాటే లేదు. జనవరి బ్యాచ్‌లో చేరడానికి మూడో అమ్మాయి వస్తోందని, మంచానికి చోటు చేయడానికి గోడ బీరువా తెరిచారు. నేను దిగేసరికి శ్రావ్య రెండు చేతులతో ఒక ఇనప యంత్రాన్ని పొట్టకి ఆనించుకుని నిలబడి ఉంది.

"ఆంటీ, ఇది మురుకుల మిషనా? గింత బరువేంది?"

"మురుకులు కాదే, జంతికలు," అంది మౌనిక. "పిడి చూడు, ఊరంతటికీ ఒక్కసారే తీయొచ్చు. ఆంటీ, దసరాకి వాడుకుందామా?"

అది తూటాలు కూర్చే ప్రెస్సు అనీ, ఎలుగుబంట్ల వేట కోసం మా నాన్నగారు దాని మీద లావు తూటాలు తయారుచేసేవారనీ చెబితే ఇద్దరూ దాన్ని చంటిపిల్లను దించినట్టు నేల మీద దించారు. దసరాకి మా ఇంట్లో దాన్ని నిజంగానే వాడేవాళ్ళమని మాత్రం అప్పుడు చెప్పలేదు. ఆ సంగతి కాస్త పొడుగు.

నాన్నగారి రైఫిల్ లీవర్ యాక్షన్‌ది. కింద ఉన్న పిడిని ముందుకు తోసి వెనక్కి లాగితే ఖాళీ గుల్ల ఎగిరిపడి కొత్త తూటా లోపలికి వెళ్ళేది. దాని తూటా నా బొటనవేలంత లావు, నా మధ్యవేలికంటే పొడుగు. అలాంటివి మా ఊరి దుకాణంలో ఎప్పుడో గాని వచ్చేవి కావు. వచ్చినా ఆయన కొనేవారు కారు. ఎవరో ఎక్కడో నింపిన తూటాను నమ్మి ఎలుగు ముందు నిలబడడం ఆయన దృష్టిలో ముక్కూ మొహం తెలియనివాడి చేతి వంట తినడం లాంటిది. ఆ ఊరి ఇంటి బేస్‌మెంట్‌లో మేపుల్ చెక్క బల్ల ఒకటి వేయించి, దాని పైన గోడకి ముత్తాత గారి ఫోటో తగిలించి, ఆ ఫోటో కింద ప్రెస్సు బిగించారు.

మా ఇంట్లో ఋతువులు ఆ బల్లను బట్టి తిరిగేవి. మంచు కరిగి రోడ్లన్నీ బురదయ్యే రోజుల్లో పక్కింటి వాల్టర్ గారి పెట్రోలు బంకు నుంచి పాత టైర్లకు బిగించే సీసపు ముక్కలు డబ్బాల కొద్దీ వచ్చేవి. గాలి బాగా ఆడే పూట చూసుకుని గరాజ్ తలుపులు బార్లా తీసి నాన్నగారు వాటిని ఇనప మూకుట్లో కరిగించేవారు. ముందు బూడిదరంగు తెట్టు కట్టి, తేనెమైనం ముక్క వేయగానే పొగ లేచి, తెట్టు పక్కకు తప్పుకుంటే అడుగున సీసం అద్దంలా మెరిసేది; దాన్ని అచ్చులో పోసి గుండ్లు తీసేవారు. అమ్మ పెళ్ళినాటి పప్పు గరిటె ఆ పనికి ఒకసారి వెళ్ళింది, మళ్ళీ వంటింటి గడప తొక్కలేదు. దోమలు ముసిరే జూన్‌లో గుండ్లకి మైనం పట్టించడం, ఎండ పది గంటల దాకా వాలని జూలైలో ఇత్తడి గుల్లలు తోమి తుడవడం, ఆగస్టులో కంకర గుంట దగ్గర గురి చూసుకోవడం, ఆకులు పసుపెక్కగానే వేట కోసం అసలు తూటాలు కూర్చడం. ఎలుగుల సీజను అక్టోబరు మధ్యలో ముగిసేది, మా దసరా ఇంచుమించు అక్కడే పడేది.

కూర్చడం అంటే నాలుగు పనులు. కాలిన గుల్లను ప్రెస్సులో నొక్కి పాత ఆకారానికి తేవాలి, అడుగున, దెబ్బ తగలగానే మందుకి నిప్పంటించే కొత్త టోపీ అమర్చాలి, లోపల మందు పోయాలి, పైన గుండు కూర్చోబెట్టాలి. మా గుండ్ల ముక్కు మొండిగా ఉండేది. ఆ రైఫిల్లో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి, ముక్కు కోసుగా ఉంటే తుపాకీ అదిరినప్పుడు ముందున్న దాని టోపీకి గుచ్చుకుని లోపలే పేలుతుంది. "వరసలో నిలబడే వాళ్ళకి కోపం ఉండొచ్చు గాని కోసుదనం ఉండకూడదు," అనేవారు నాన్నగారు, ముత్తాత గారి ఫోటో వైపు చూసి. మా వంశంలో అన్నదమ్ముల దావాలు గుర్తొచ్చేవేమో.

బల్ల దగ్గర రెండు నియమాలు. ఒకటి, అక్కడ తెలుగే మాట్లాడాలి. బడిలో, వీధిలో ఇంగ్లీషు ఎంతైనా మాట్లాడుకోవచ్చు, ఇక్కడ అంకెలు కూడా తెలుగులోనే. నేను మొట్టమొదట రాసిన తెలుగు మాటలు తూటాల పెట్టెల మీది చీటీలు: "ఎలుగు, ఇరవై", "గురికి, యాభై". రెండోది, మందు తూచేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, ఒంటి మీద వేలాడేది ఏదీ ఉండకూడదు. ఎందుకంటే త్రాసు నాది. చిన్న పళ్ళెం ఒక పక్క, గీతలున్న సన్నని కాడ ఒక పక్క, కాడ మీద అటూ ఇటూ జరిగే బిళ్ళ. బిళ్ళ ఏ గీత మీద ఉంటే అంత మందు. పదేళ్ళ నా ముక్కు బల్ల అంచుకి ఆనేది, కాడ కొస సరిగ్గా గుర్తుకెదురుగా ఆగగానే "సరి" అనేదాన్ని, ఆయన గరాటుతో మందును గుల్లలోకి ఒంపేవారు. క్లాసులో ముప్పైమంది పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి నా ఒక్క మాట మీద పని నడిపేవారు. దానికి నేను ఎంత గర్వపడేదాన్నో చెప్పను, ఇప్పటికీ పడుతున్నాను గనక.

పని అయ్యాక చేతులు మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడిగితే గాని అమ్మ మంచినీళ్ళు కూడా ఇచ్చేది కాదు. పనికిరాని గుల్లలు నావి. అయిదు గుల్లలతో అచ్చనగాయలు ఆడేదాన్ని; అరుగు లేదు గనక చెక్క నేల మీద, టకటకమని. మూతికి పెదవి ఆనించి ఊదితే గుల్ల ఈల వేసేది. వాల్టర్ గారి కుక్క ఆ ఈలకి మా గుమ్మంలోకి వచ్చి కూర్చునేది.

ఇంత తయారీ ఉన్నా నాలుగేళ్ళుగా నాన్నగారు ఒక్క ఎలుగునూ కొట్టలేదు. ఊరికి ఈ సంగతి సరదాగా ఉండేది. నల్ల ఎలుగులు ఊరి చెత్తకుప్ప దగ్గర కుక్కల్లా తిరిగే చోట, ఇస్త్రీ చొక్కాతో, నున్నగా దువ్విన మీసంతో, తుపాకీని ఊరేగింపులో పట్టినట్టు నిటారుగా పట్టుకుని వెళ్ళి, ఖాళీ చేతులతో అంత నిటారుగానూ తిరిగొచ్చే మాస్టారు ఇంకెవరుంటారు? "రాజు వేటాడే ఎలుగులు ముసలితనంతో పోతాయి," అని బంకు దగ్గర అనుకునేవారు. ఆ ఏడాది నాన్నగారు వాల్టర్ గారి ముందు, మరో పదిమంది ముందు, సీజను ఆఖరి శనివారం లోపల ఎలుగును తెస్తానని మాటిచ్చారు. మాట బయటికి వచ్చాక మా వాళ్ళు దాన్ని వెనక్కి తీసుకోరు.

ఆఖరి శనివారానికి రెండు రోజుల ముందు విజయదశమి. అంతకుముందు కూర్చినవన్నీ గురికే అయిపోయాయి, కొత్తగా నలభై కూర్చాలి. పొద్దున ఆయుధపూజ చేశాం. రైఫిల్‌కి, ప్రెస్సుకి, త్రాసుకి గంధం కుంకుమ పెట్టాం, గడ్డకట్టే చలిలో ఎక్కడా పువ్వు దొరక్క కిటికీలోని జెరేనియం కుండీని తెచ్చి ప్రెస్సు ముందు పెట్టాం. అమ్మ బూరెలు వండింది. శనగపప్పు ఆ ఊళ్ళో దొరికేది కాదు, బఠాణీపప్పు ఉడకబెట్టి రుబ్బి, విన్నిపెగ్ నుంచి పోస్టులో వచ్చిన బెల్లం వేసి పూర్ణం చేసేది. ఇల్లంతా ఏలకుల వాసన. నాకు పట్టు పరికిణీ కట్టి, రెండు చేతులకీ నిండుగా ఎర్ర గాజులు వేసింది.

సాయంత్రం బల్ల దగ్గర కూర్చున్నప్పుడు నాన్నగారు నా గాజుల్ని చూశారు. పండగ పూట ఆడపిల్ల గాజులు తీయమనడం ఆయనకు ఇష్టం లేకపోయింది. "చెయ్యి జాగ్రత్తగా పెట్టు అమ్మలూ," అన్నారంతే. పైగా బూరెలు తిన్న సంతోషంలో తన నియమం తానే తప్పి కథ మొదలుపెట్టారు. ముత్తాత గారు ఒకసారి ఎలుగు వేటకి పల్లకీలో బయల్దేరితే, బోయీలు ఎలుగును చూసి పల్లకీ దించి పరుగెత్తారట. ఎలుగు వచ్చి పల్లకీ పరదా ఎత్తి చూసిందట. ముత్తాత గారు తలపాగా సర్దుకుని, "వేచి ఉండు," అన్నారట. నేను నవ్వాను, "సరి" అన్నాను, మళ్ళీ నవ్వాను. నలభయ్యో గుండు కూర్చోబెట్టి ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. త్రాసు సర్దబోతూ చూస్తే కాడ మీది బిళ్ళ ఉండాల్సిన గీత మీద లేదు. ఒక గీత పక్కకు, బరువు వైపుకు జరిగి ఉంది.

ఎప్పుడు జరిగింది? సర్దేటప్పుడా, సగంలోనా, మొదట్లోనేనా? గాజు తగిలిందని మాత్రం తెలుసు. నేను చేసిన పని ఒక్కటే: బిళ్ళను చూపుడువేలితో మెల్లగా తోసి, పాత గీత మీదికి తెచ్చి, త్రాసుకి మూత పెట్టాను.

శుక్రవారం బడిలో కెనడా ప్రాంతాల పటం గీయమన్నారు. నేను సస్కచవాన్ గీసి ఆపేశాను. మందు ఎక్కువైతే ఏమవుతుందో నాన్నగారు నాకు చాలాసార్లు చెప్పారు. తూటాను వెనక నుంచి మూసే తుపాకీ తలుపు ఎగిరి వస్తుంది, కాల్చేవాడి చెంప అక్కడే ఆని ఉంటుంది. ఆ రాత్రి అన్నంలో పెరుగు కలిపి అలాగే వదిలేశాను. అమ్మ నుదురు పట్టి చూసింది. నాన్నగారు బూట్లకి నూనె రాసుకుంటూ కూనిరాగం తీస్తున్నారు. ఆయన అంత సంతోషంగా ఉన్నప్పుడు చెప్పలేకపోయాను.

శనివారం పొద్దున వాల్టర్ గారి ట్రక్కు మా ముంగిట్లో పొగలు కక్కుతూ నిలబడింది. నాన్నగారు తూటాల పెట్టె చంకలో పెట్టుకుని మెట్లు దిగుతున్నారు. నేను చలికోటు కూడా లేకుండా వెనకే పరుగెత్తాను.

"నాన్నగారూ, త్రాసు బిళ్ళ జరిగిందండి."

"ఎప్పుడు?"

"తెలీదండి. సర్దేటప్పుడు చూశాను. వెనక్కి పెట్టేశాను."

"ఎటు జరిగింది?"

"బరువు వైపుకండి."

ఆయన నన్ను చూశారు, నా చేతుల్ని చూశారు. గాజులు ఇంకా ఉన్నాయి. "గాజులుండనిచ్చింది నేను. కథ చెప్పిందీ నేనే," అన్నారు. తర్వాత ట్రక్కు దగ్గరికి వెళ్ళి వాల్టర్ గారికి ఇంగ్లీషులో అంతా వివరంగా, నా పేరు రాకుండా, త్రాసు తప్పిందని చెప్పారు.

వాల్టర్ గారు కిటికీలోంచి తల బయటపెట్టారు. "రాజూ, ఎన్ని తేడాగా ఉంటాయేం, నాలుగో అయిదో! నీ తుపాకీ ట్రాక్టరంత గట్టిది. ఎక్కు. ఊళ్ళో నా మొహం ఎలా చూపించను?"

"నేను తూచని మందు నా చెంప పక్కన పేలదు," అన్నారు నాన్నగారు. "దయచేసి లోపలికి రండి. కాఫీ తాగుదాం."

వాల్టర్ గారి తూటాలు సన్నవి, మా రైఫిల్‌కి పట్టవు. తూచి తప్పువాటిని ఏరుదామంటే అదీ కుదరదు. మా గుల్లలు నాలుగైదు కంపెనీలవి, ఒక్కోటి ఒక్కో బరువు, ఒక గీత మందు తేడా ఆ బరువుల్లో కలిసిపోతుంది. నలభయ్యీ విప్పాల్సిందే. విప్పడానికి ఒక సుత్తి ఉండేది. దాని బోలు తలలో తూటాను బిగించి చెక్క దుంగ మీద కొడితే గుండు, మందు విడిపోయి లోపల పడతాయి. నాన్నగారు వంటింటి బల్ల మీద పాత పేపర్లు పరిచి, అమ్మ చేత పొయ్యి ఆర్పించి కూర్చున్నారు. ఇంగ్లీషులో కూడా వాల్టర్ గారిని "గారు" లేకుండా పిలవని అమ్మ బూరెల పళ్ళెం ఆయన ముందు పెట్టింది.

"ఏటండీ ఈ సుత్తి దెబ్బలు, పండగ వెళ్ళీ వెళ్ళకుండా," అంది నాన్నగారితో. "వాల్టర్ గారూ, ఈట్ సమ్ మోర్. ఈయనకి ఇప్పట్లో అవదు."

నేను గాజులు తీసి డబ్బాలో పెట్టి త్రాసు ముందు కూర్చున్నాను. కూర్చిన వరసలోనే ఒక్కో దాని మందు పళ్ళెంలో పడుతోంది, కాడ ఆగుతోంది, నేను "సరి" అంటున్నాను. పది, ఇరవై, ముప్పై. వాల్టర్ గారు పన్నెండో బూరెలో ఉన్నారు. ముప్పై నాలుగో తూటాకి కాడ పైకి లేచి దిగలేదు. "ఎక్కువ," అన్నాను. అక్కణ్నుంచి ఏడూ ఎక్కువే.

సరిగ్గా అప్పుడే పెరటి మెట్ల మీద గిన్నె దొర్లిన చప్పుడైంది. మిగిలిన పూర్ణంతో ఆ పొద్దున మళ్ళీ బూరెలు వేసి, అమ్మ గిన్నెను నానబెట్టి వెనక మెట్ల మీద పెట్టింది, ఊరిలో అలాంటివి బయటపెట్టకూడదని వాల్టర్ గారు ఎన్నిసార్లు చెప్పినా. కిటికీలోంచి చూస్తే ఒక నల్ల ఎలుగు, బొద్దుగా, చలికాలానికి సిద్ధంగా, గిన్నెను రెండు ముంజేతుల మధ్య పెట్టుకుని అడుగంటా నాకుతోంది. మాకూ దానికీ మధ్య ఇరవై అడుగులు లేదు. ఇంట్లో విప్పిన తూటాలు నలభై, కాల్చడానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఉన్నా ఊరి మధ్యలో కాల్చడానికి లేదు.

వాల్టర్ గారు బల్ల మీద తల పెట్టి భుజాలు ఊగేలా నవ్వారు. నాన్నగారు లేచి, చొక్కా సర్దుకుని, చేతులు వెనక కట్టుకుని కిటికీ ముందు నిలబడ్డారు. కింద బేస్‌మెంట్ గోడ మీది ఫోటోలో ముత్తాత గారు నిలబడ్డట్టే.

"ఏవండీ, నా గిన్నె," అంది అమ్మ.

"తిననీ," అన్నారు నాన్నగారు. "పండక్కి వచ్చింది."

ఎలుగు గిన్నెను బోర్లించి, దాని కింద కూడా చూసి, వాల్టర్ గారి కంచె దాటి అడవిలోకి వెళ్ళిపోయింది. వాల్టర్ గారు కళ్ళు తుడుచుకుని నా త్రాసు పక్కన వేరుగా పెట్టిన ఏడు కుప్పల వైపు చూశారు, ఇంక నవ్వలేదు. వెళ్ళేటప్పుడు టోపీ తీసి నాకు వంగి నమస్కారం లాంటిది పెట్టారు. ఆయన అలా ఎవరికీ పెట్టగా నేను చూడలేదు.

ఆ శీతాకాలమంతా బంకు దగ్గర కొత్త మాట నడిచింది: రాజు ఎలుగుల్ని వేటాడడు, భోజనానికి పిలుస్తాడు. నాన్నగారికి అది నచ్చింది. జమీందారుకి తగిన మాట అన్నారు. మరో రెండేళ్ళకి ఆయన నిజంగానే ఒక ఎలుగును ఒక్క తూటాతో కొట్టారు, ఊరు ఓ వారం చెప్పుకుని మర్చిపోయింది. బూరెలు తిన్న ఎలుగును మాత్రం వాల్టర్ గారి మనవలు ఇప్పటికీ చెబుతారు. ఆ దసరా తర్వాత కూర్చిన ప్రతి పెట్టె మీదా చీటీలో ఒక పంక్తి ఎక్కువైంది, నాన్నగారి గుండ్రని అక్షరాలతో: "సరిచూసినది, అమ్మలు."

అలాంటి పెట్టె ఒకటి మొన్న బీరువా అడుగున దొరికింది. ఇరవై తూటాలు. రైఫిల్‌ను నాన్నగారు కాలం చేసిన ఏడాదే లైసెన్సున్న మనిషికి అమ్మేశాం, వాల్టర్ గారు అంతకు ముందే వెళ్ళిపోయారు, అమ్మ గిన్నె ఎటు పోయిందో తెలియదు. ప్రెస్సు కొనడానికి వచ్చిన ఒక రైతు పెద్దమనిషి పెట్టెను తెరిచి, చీటీ మీద చదవలేని అక్షరాల్ని కాసేపు చూసి, వేరేవాళ్ళు కూర్చిన తూటా తాను కాల్చనని మర్యాదగా చెప్పారు. నాకు కోపం రాలేదు. నాన్నగారు ఉంటే ఆయనకు కాఫీ ఇప్పించేవారు. రేపు రమ్మన్నాను.

ఆ సాయంత్రం శ్రావ్య, మౌనిక చెరో పక్కన నిలబడి చూస్తుండగా సుత్తి తీసుకుని ఇరవై తూటాలూ విప్పి, మందు తూచాను. ఇరవయ్యీ ఒకే గీత మీద నిలబడ్డాయి.

"ఎట్లుంది ఆంటీ?" అంది శ్రావ్య.

"సరి," అన్నాను.

టోపీలు తీసేసిన అయిదు గుల్లలు ఆ పిల్లలు అచ్చనగాయలకి తీసుకున్నారు. మర్నాడు ప్రెస్సు, గుండ్ల అచ్చు, త్రాసు, మిగిలిన పదిహేను గుల్లలు కలిపి ఆ రైతుకి అమ్మేశాను.